బంగారు వన్నె జుట్టు కావాలా? ముందీ సంగతులు తెలుసుకోండి!

మా పెద్దవంగరలో ఒకప్పుడు ఆడపిల్ల జుట్టు కాస్త ఎర్రగా కనబడితే చాలు, వాడకట్టులోని పెద్దమ్మలంతా తల్లిని నిలదీసేవారు. "ఏందే, పిల్ల నెత్తికి నూనె పెడ్తలేవా? ఎంటికలు ఎట్ల ఎర్రబడ్డయో చూడు!" అని. పొద్దంతా పత్తి చేలల్లో, మిరప తోటల్లో ఎండకు తిరిగే పిల్లలకు ఆ ఎరుపు మామూలే. అయినా దాన్ని లేమికి, పట్టించుకోనితనానికి గుర్తుగానే చూసేవారు. నూనె పెట్టి బిగించి వేసిన నల్లటి జడే అందం.

ఇప్పుడు కాలం తిరగబడింది. ఆ ఎరుపు కోసం, దానికి నాలుగు మెట్లు పైనున్న బంగారు రంగు కోసం పట్నంలో వేలకు వేలు పోస్తున్నారు. ఆ మోజు మా ఊరికీ వచ్చింది. మా ఊరు 2016లో మండల కేంద్రమైంది. ఆ తర్వాత రెండేళ్ళకు నేనిక్కడ చిన్న బ్యూటీ పార్లర్ పెట్టుకున్నాను. మొదట్లో ఐబ్రోలు, పెళ్ళికూతురి అలంకరణ, తెల్లజుట్టుకు రంగు... ఇవే పని. ఈమధ్య బతుకమ్మకో సంక్రాంతికో హాస్టళ్ళ నుంచి వచ్చే అమ్మాయిలు అడిగేది వేరు. "అక్కా, సామాను నేనే తెచ్చుకున్న. ఇంట్లనే ఏసుకుంట. ఎట్లనో చెప్పు, చాలు" అంటారు.

అందులోనూ పుట్టుకతోనే గోధుమ రంగు జుట్టున్న అమ్మాయిలకు ధైర్యం ఎక్కువ. "నావి ఎట్లాగూ నల్లగ లేవు కదక్కా, సగం పని అయిపోయినట్టే!" అంటారు. నిజంగా సగం పని అయిపోయినట్టేనా? ఇంట్లో చేసుకోవచ్చా? చేసుకుంటే ఏమవుతుంది? జుట్టు ఎవరిది వారి ఇష్టం. వద్దని అదిలించడం నా ఉద్దేశం కాదు. కానీ డబ్బా విప్పేముందు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి.

నలుపు పోతేనే పసుపు

మొదట అర్థం చేసుకోవాల్సింది ఒకటే. బంగారు రంగు జుట్టుకు 'వేసేది' కాదు. జుట్టులోంచి నలుపును 'తీసేస్తే' మిగిలేది. నల్ల చీరను పసుపు రంగు నీళ్ళలో ముంచితే పసుపు చీర అవుతుందా? కాదు కదా. ముందు ఆ నలుపును వదలగొట్టాలి. జుట్టుకైనా అంతే.

మన జుట్టుకు రంగునిచ్చేది మెలనిన్. ఇందులో రెండు రకాలు. నలుపు, ముదురు గోధుమ రంగులనిచ్చేది యూమెలనిన్. ఎరుపు, పసుపు ఛాయలనిచ్చేది ఫియోమెలనిన్. వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటి పొర ఒకటి ఉంటుంది. బ్లీచ్‌లోని క్షారం ఆ పొలుసుల్ని లేపుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ లోపలికి వెళ్ళి మెలనిన్‌ను విరగ్గొడుతుంది. నలుపుతోపాటు వెంట్రుకకు బలాన్నిచ్చే ప్రొటీన్ కూడా కొంత పోతుంది. ఒకసారి లేచిన పొలుసులు మళ్ళీ మునుపటిలా అతుక్కోవు. అందుకే బ్లీచ్ చేసిన జుట్టు గరుకుగా తగులుతుంది, చిక్కు పడుతుంది, నీళ్ళు ఎక్కువ పీల్చుకుంటుంది.

నలుపు ఒక్కసారిగా బంగారమైపోదు. ముందు ముదురు గోధుమ రంగు వస్తుంది, తర్వాత ఎరుపు, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపుకొమ్ము రంగు. చివరికి అరటితొక్క లోపలివైపు ఉండే లేత పసుపు. సినిమాల్లో చూసే లేత బంగారు జుట్టుకు ఆ ఆఖరి మెట్టు దాకా పోవాలి. ఇంట్లో మొదలుపెట్టిన వాళ్ళలో చాలామంది నారింజ దగ్గరే ఆగిపోతారు. "ఇత్తడి చెంబులెక్క అయిందక్కా" అంటూ తలకు చున్నీ చుట్టుకుని వస్తారు.

గోధుమ రంగు జుట్టయితే సులువా?

పార్లర్ లెక్కలో జుట్టు రంగుకు 1 నుంచి 10 దాకా మెట్లుంటాయి. 1 అంటే కారునలుపు, 10 అంటే లేత బంగారం. మనలో చాలామంది 1, 2 మెట్ల దగ్గర ఉంటారు. ఎర్రెంటికలు అని మనం పిలిచేవి 3, మహా అయితే 4. అంటే పదో మెట్టుకు ఇంకా ఆరేడు మెట్లు మిగిలే ఉన్నాయి. కాబట్టి సగం పని అయిపోలేదు, పావు వంతు అయిందంతే.

ఇంకో సంగతి. మీ జుట్టు ఎందుకు గోధుమ రంగులో ఉందో ముందు చూసుకోండి. ఎండలో నిలబడి ఒక పాయను కుదురు నుంచి చివర దాకా పరీక్షగా చూడండి. కుదుళ్ళ దగ్గరా అదే రంగుంటే అది పుట్టుకతో వచ్చింది. కుదుళ్ళు నల్లగా ఉండి చివర్లు మాత్రమే ఎర్రబడితే, అది ఎండ చేసిన పని. అంటే ఎండే సగం బ్లీచ్ చేసేసిందన్నమాట. ఆ చివర్లు అప్పటికే బలహీనం. మందు తగిలితే అవే ముందు తెగుతాయి.

చిన్నపిల్లల జుట్టు పలచబడి, రాగి రంగుకు తిరిగి, లాగితే సులువుగా ఊడి వస్తుంటే మాత్రం అది అందం సంగతి కాదు. తిండిలో ప్రొటీన్ బాగా తగ్గినప్పుడు అలా అవుతుంది. పిల్లను అంగన్‌వాడీకో డాక్టరు దగ్గరికో తీసుకెళ్ళాలి.

మన జుట్టే వాళ్ళ బంగారం!

మీకు తెలుసా? ప్రపంచంలో ఎందరో ఆడవాళ్ళ తలమీద మెరిసే బంగారు రంగు సవరాలు మన నల్లజుట్టే. తిరుమలలో భక్తులు మొక్కు తీర్చుకుని ఇచ్చిన తలనీలాలను తిరుమల తిరుపతి దేవస్థానం వేలం వేస్తుంది. 2011 నుంచి ఈ అమ్మకం ఈ-వేలంలో జరుగుతోంది. అక్కడినుంచి జుట్టు విదేశాలకు వెళ్ళి విగ్గులుగా, సవరాలుగా మారుతుంది. మన ఊళ్ళలో దువ్వెనకొచ్చిన వెంట్రుకలు ఉండలు చుట్టి గోడ సందుల్లో దాచి, వీధిలోకొచ్చేవాళ్ళకిచ్చి పిన్నులో, స్టీలు గిన్నెలో తీసుకోవడం కూడా ఈ వ్యాపారంలో భాగమే.

మంచి రకం సవరాలు చేసే విదేశీ కంపెనీలు ఆ నలుపును తీయడానికి రోజుల తరబడి సమయం తీసుకుంటాయి. మందు పలచగా ఉంచి, మెల్లగా మెల్లగా నలుపు వదిలేలా చేస్తాయి. వెంట్రుక బలం పోకూడదని అంత ఓపిక. పైగా ఆ జుట్టు ఎవరి తలమీదా లేదు. కింద మంటపుట్టే చర్మం లేదు, పక్కన కళ్ళు లేవు. వాళ్ళే అంత నిదానంగా చేసే పనిని మనం స్నానాల గదిలో నలభై నిమిషాల్లో ముగించాలనుకుంటే ఎలా?

గోరింటాకు పెట్టారా? ఆగండి!

బ్లీచ్ గురించి అడిగితే నేను వేసే మొదటి ప్రశ్న ఇదే. "తలకు ఇంతకుముందు ఏం పెట్టినవ్?" చాలామంది "ఏం లేదక్కా, మెహందీయే" అంటారు. ఆ 'మెహందీయే' అన్నదాంట్లోనే అసలు చిక్కంతా ఉంది.

చెట్టునుంచి కోసి రుబ్బిన గోరింటాకు రంగు వెంట్రుకలోని ప్రొటీన్‌కు గట్టిగా పట్టేస్తుంది. బ్లీచ్ చేసినా నారింజ ఛాయ ఒక పట్టాన వదలదు. నీలి ఆకు పొడి కలిసి ఉంటే బ్లీచ్ తగలగానే ఆకుపచ్చగా తిరగవచ్చు. ఇక నల్ల మెహందీ పేరుతో అమ్మే పొడులు చాలావరకు పేరుకే మెహందీ, లోపల ఉండేది రసాయన రంగు. కొన్ని చౌక రంగుల్లో లోహ లవణాలు ఉంటాయి. వాటిమీద పెరాక్సైడ్ పడితే జుట్టు వేడెక్కుతుంది, ఒక్కోసారి తెగిపోతుంది.

అందుకే ముందుగా మెడ వెనక, లోపలివైపు నుంచి చిన్న పాయ కత్తిరించండి. గాజు గిన్నెలో కొంచెం మందు కలిపి ఆ పాయను అందులో ఉంచండి. పొంగినా, వేడెక్కినా, వెంట్రుకలు సాగి తెగినా ఆ జుట్టుకు బ్లీచ్ పనికిరాదు. అరగంటలో ఏ రంగు వస్తుందో కూడా దీంతోనే తెలిసిపోతుంది. తలంతా పూసుకుని తెలుసుకోవడం కన్నా ఇది మేలు కదా!

పెళ్ళికి పదిరోజుల ముందు...

మా దూరపు చుట్టాలమ్మాయి సంగతి చెబుతాను. హాస్టల్లో ఉండి చదువుకుంది. పుట్టుకతోనే గోధుమ రంగు జుట్టు, నడుము దాకా జడ. పెళ్ళి కుదిరింది. ఫొటోల్లో బాగుంటుందని స్నేహితురాళ్ళతో కలిసి హాస్టల్లోనే బ్లీచ్ చేసుకుంది. తెచ్చుకున్నది 12 శాతం మందు. అప్పటిదాకా సెలవులకొచ్చినప్పుడల్లా నల్ల మెహందీ పెట్టుకునేది. ఆ మాట అడిగినవాళ్ళు లేరు. జుట్టు కొంత నారింజ, కొంత పచ్చగా వచ్చింది. చివర్లు తడిపితే రబ్బరులా సాగి తెగిపోయాయి. మాడు మీద మంట.

ఇంటికి రాగానే తల్లి గాబరా పడింది. "పెండ్లికొడుకు తరఫోళ్ళు చూస్తె ఏమంటరు?" అని కిరాణా కొట్లోంచి నల్లరంగు పొడి తెప్పించి అదే రాత్రి పూసింది. తెల్లారేసరికి అమ్మాయి కళ్ళు తెరుచుకోలేదు. నుదురు, చెవులు, మెడ వాచిపోయి రసి కారింది. తొర్రూరు తీసుకెళ్ళి డాక్టరుకు చూపించారు. వాపు తగ్గడానికి వారం పైనే పట్టింది. నల్లరంగులోని మందు పడలేదని, ఇకమీదట నల్లరంగూ నల్ల మెహందీ రెండూ ముట్టవద్దని డాక్టరు చెప్పారు.

పెళ్ళి ఆగలేదు. భుజాల దాకా కత్తిరించిన జుట్టుకు సవరం కట్టి, దానిమీద పూలజడ వేశాను. అలంకరణ చేస్తుంటే ఆ అమ్మాయి అన్నమాట ఇప్పటికీ నాకు గుర్తే. "ఎంటికలు పోయినందుకు కాదక్కా. ఆ పొద్దు అద్దంల నన్ను నేను గుర్తు పట్టలేదు" అంది.

నల్లరంగుల్లో ఎక్కువగా వాడే ఆ మందు పేరు పారాఫెనిలీన్ డయమైన్. పి.పి.డి. అంటారు. ఇది కొందరికి పడదు. ఒకసారి పడకపోతే సాధారణంగా జన్మంతా పడదు. జాతరల్లో చేతులకు వేసే నల్ల మెహందీ బొమ్మల్లోనూ ఇది ఉండవచ్చు. చిన్నప్పుడు వేయించుకున్న ఆ బొమ్మతో మొదలైన అలర్జీ పెద్దయ్యాక తలకు రంగు వేసుకున్నప్పుడు బయటపడుతుంది. బంగారు రంగు మీద మోజు తీరాక అందరూ తిరిగొచ్చేది ఈ నల్లరంగు దగ్గరికే. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను. బ్లీచ్‌తో మంట పుట్టిన మాడుమీద వెంటనే నల్లరంగు వేయడం రెండింతల ప్రమాదం.

రంగు పెట్టెమీద చిన్న అక్షరాల్లో ఒక హెచ్చరిక ఉంటుంది, చదవండి. ముందు పరీక్ష చేసుకోమని, కనుబొమలకు, రెప్పలకు వాడితే చూపు పోవచ్చని రాసి ఉంటుంది. ఈ పొడులు, ద్రవాలు పిల్లలకు అందకుండా పెట్టండి. నోట్లోకి పోతే గొంతు వాచి ఊపిరాడదు, కండరాలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. కొంచెమే కదా అని చూస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇంట్లోనే చేసుకుంటామంటారా?

అన్నీ విన్నాక కూడా చేసుకుంటామనేవాళ్ళు ఈ పద్ధతి పాటించండి.

* రెండు రోజుల ముందు చెవి వెనక రూపాయి బిళ్ళంత మేర మందు రాసి చూడండి. 48 గంటల్లో దురద, ఎరుపు, పొక్కులు వస్తే ఆ ఆలోచన మానుకోండి.

* ముందురోజు తలస్నానం చేయకండి. మాడుమీది సహజమైన జిడ్డు కొంత కాపాడుతుంది. పుండ్లు, గీతలు ఉంటే వాయిదా వేయండి.

* పెరాక్సైడ్ 6 శాతానికి మించవద్దు. దీన్నే 20 వాల్యూమ్ అంటారు. 9 శాతం, 12 శాతం ఇంట్లో వద్దు.

* స్టీలు, ఇత్తడి గిన్నెలు వాడకూడదు. గాజు లేక ప్లాస్టిక్ గిన్నె, ప్లాస్టిక్ బ్రష్, చేతులకు గ్లవ్స్ ఉండాలి. కిటికీ తెరిచి పెట్టండి. కలిపిన మందును మూతపెట్టి దాచకండి, పొంగి పగలవచ్చు.

* జుట్టును నాలుగు పాయలు చేసి, కుదుళ్ళ దగ్గర అంగుళం వదిలేసి కింద పూయండి. ఒంటి వేడికి కుదుళ్ళ దగ్గర మందు తొందరగా పనిచేస్తుంది. ముందే అక్కడ పూస్తే నెత్తిమీద పసుపు, కింద నారింజ వస్తుంది.

* పది నిమిషాలకోసారి ఒక పాయ తుడిచి చూడండి. పెట్టెమీద రాసిన సమయం దాటకూడదు. త్వరగా అవుతుందని ఎండలో కూర్చోవడం, డ్రయ్యర్ పెట్టడం చేయకండి. మంట ఎక్కువైతే రంగు సంగతి వదిలేసి వెంటనే నీళ్ళతో కడిగేయండి.

* ఒక్కరోజులో బంగారం కావాలనుకోకండి. రెండు మూడు మెట్లతో ఆగి, కనీసం రెండు వారాల తర్వాత జుట్టు బలం చూసి మళ్ళీ ఆలోచించండి.

వచ్చిన పసుపు మరీ కొట్టొచ్చినట్టుంటే దానికీ ఉపాయం ఉంది. తెల్లబట్టలు పసుపెక్కితే నీలం పెడతాం కదా! జుట్టుకూ అదే సూత్రం. పసుపును ఊదా రంగు, నారింజను నీలం తగ్గిస్తాయి. ఇందుకోసం టోనర్లు, ఊదా రంగు షాంపూలు అమ్ముతారు. అంతేగాని బట్టల నీలం తెచ్చి తలకు పోసుకోకండి!

నా సలహా అడిగితే తలంతా చేయకుండా, మాడుకు తగలకుండా అక్కడక్కడ నాలుగు సన్నపాయలు మాత్రం చేయించుకోమంటాను. చర్మానికి మందు తగలదు. పెరిగేకొద్దీ కుదుళ్ళ నలుపు అంతగా కొట్టొచ్చినట్టు కనబడదు. నచ్చకపోతే ఆ పాయల్ని కత్తిరించేయవచ్చు.

వంటింటి చిట్కాలు పనిచేస్తాయా?

నిమ్మరసం రాసి ఎండలో కూర్చుంటే జుట్టు బంగారమవుతుందని చెబుతుంటారు. కాస్త రంగు తగ్గితే తగ్గవచ్చుగాని జుట్టు ఎండిపోతుంది. నిమ్మరసం కారిన చోట ఎండ తగిలితే చర్మం కాలినట్టు మచ్చలు పడతాయి. తేనె, చామంతి టీ మన జుట్టుమీద చేసేది దాదాపు ఏమీ లేదు. ముఖానికి వాడే బ్లీచ్ క్రీము ముఖం మీది సన్నని నూగు కోసం చేసింది, తలకు కాదు.

అన్నిటికన్నా ముఖ్యం... బావుల్లో, నీళ్ళ ట్యాంకుల్లో పంచాయతీ వాళ్ళు కలిపే బ్లీచింగ్ పౌడర్‌కూ జుట్టు బ్లీచ్‌కూ ఏ సంబంధం లేదు. ఒక అమ్మాయి "రెండూ బ్లీచే కదా" అని అడిగింది. కాదు తల్లీ! అది క్లోరిన్. చర్మాన్ని కాలుస్తుంది, జుట్టును తినేస్తుంది. దాంట్లో ఇంకేదైనా కలిపితే విషవాయువు పుడుతుంది.

ఆ తర్వాత సంరక్షణ

తలస్నానానికి ముందు కొబ్బరినూనె పట్టించండి. వెంట్రుకలోంచి ప్రొటీన్ పోవడాన్ని కొబ్బరినూనె తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది. మన అమ్మమ్మల అలవాటు వట్టిది కాదన్నమాట. బోరునీళ్ళలో ఉప్పు ఎక్కువైతే బ్లీచ్ చేసిన జుట్టు మరింత గరుకవుతుంది. చివరి రెండు చెంబులైనా భగీరథ నల్లా నీళ్ళతోనో వాననీళ్ళతోనో పోసుకోండి. తడి జుట్టును దువ్వకండి. ఎండలోకి వెళ్తే తలకు గుడ్డ చుట్టుకోండి.

ఖర్చు కూడా ముందే లెక్క వేసుకోండి. జుట్టు నెలకు సుమారు అర అంగుళం పెరుగుతుంది. అంటే నెల తిరిగేసరికి పాపిట వెంట నల్లగీత కనబడుతుంది. దాన్ని కప్పాలంటే మళ్ళీ మందు, మళ్ళీ టోనర్. వద్దనుకుని పాత జుట్టు తిరిగి రావాలంటే అది కుదురు నుంచి కొత్తగా పెరగాల్సిందే. ముప్పై అంగుళాల జడకు ఐదేళ్ళు పడుతుంది.

మోజు నాలుగు రోజులదే అయితే బంగారు రంగు సవరపు పాయలు క్లిప్పులతో దొరుకుతున్నాయి. పండగకు పెట్టుకుని, రాత్రికి తీసి పెట్టెలో పెట్టుకోవచ్చు. లేదూ, జుట్టంతా మార్చుకోవాలనే ఉందంటారా? మెడ వెనక నుంచి ఆ చిన్నపాయ కత్తిరించి ముందు గాజు గిన్నెలో వేసి చూడండి. ఆ పాయ ఏ రంగుకు తిరిగిందో, ఎంత బలంగా ఉందో చేత్తో పట్టుకుని చూశాక, తలమీద మిగిలినదాని సంగతి తీరిగ్గా నిర్ణయించుకోవచ్చు.